మెట్రోలో, ఎంఎంటీఎస్‌లో తోటి ప్రయాణికులతో ఇబ్బంది: గొడవ పడకుండా చెప్పే పద్ధతి

హైదరాబాద్ మెట్రోలోనో, ఎంఎంటీఎస్ అనే లోకల్ రైల్లోనో పక్కనున్న మనిషి వల్ల ఇబ్బంది కలిగితే మనలో ఎక్కువమంది దిగేదాకా మొహం ముడుచుకుని భరిస్తారు. కొందరు ఓపిక నశించాక ఒక్కసారిగా అరుస్తారు. భరిస్తే ఆ మనిషికి తన వల్ల ఇబ్బంది కలుగుతోందని తెలియదు. అరిస్తే విషయం వదిలేసి పరువు కోసం పట్టుదలకు పోతాడు. చెప్పాల్సింది ఇబ్బంది మొదలైన ఒకటి రెండు నిమిషాల్లోనే, చిన్న గొంతుతో, ఒకే ఒక్క చిన్న పని అడుగుతూ.

త్వరగా అడగమనడానికి కారణం ఉంది. అప్పుడే అడిగితే మన గొంతులో ఇంకా కోపం చేరి ఉండదు. మియాపూర్‌లో మొదలైన చిరాకును ఖైరతాబాద్ దాకా మోసుకొచ్చి అప్పుడు నోరు తెరిస్తే దారి పొడుగునా పేరుకున్నదంతా ఒక్క మాటలో బయటపడుతుంది. అవతలి మనిషికి మాత్రం అది మొదటి మాట. ఇంత చిన్నదానికి ఇంత కోపమేంటని ఎదురు తిరుగుతాడు.

అడిగే మాటలో మూడు ముక్కలు చాలు: పిలుపు, కారణం, కోరిక. "అన్నా, ఆఫీసు కాల్ మాట్లాడాలి, సౌండ్ కొంచెం తగ్గిస్తారా?" అంతే. అడిగాక ఒక క్షణం ఆగి, వాళ్లు కదిలితే "థ్యాంక్స్ అన్నా" అని చూపు తిప్పుకోవాలి. ఈ చూపు తిప్పుకోవడం చాలామంది మర్చిపోతారు. చెప్పిన పని చేస్తున్నాడా లేదా అని గుడ్లప్పగించి చూస్తే ఏ మనిషికైనా నలుగురిలో తల వంచుతున్నట్టు ఉంటుంది. మీరు కిటికీలోకి చూస్తే తన ఇష్టంతో తగ్గించినట్టు తగ్గిస్తాడు.

కారణం నిజమైనదే చెప్పండి. "వెనక తగులుతోంది", "పట్టుకోవడానికి కడ్డీ అందట్లేదు", "పాప నిద్రపోతోంది" లాంటివి ఎవరూ కాదనలేరు. "ఇది పబ్లిక్ ప్లేస్", "కామన్ సెన్స్ ఉండాలి" అన్నవి కారణాలు కావు, తీర్పులు. తీర్పు విన్న మనిషి తన పనిని వదిలి తనను తాను సమర్థించుకునే పనిలో పడతాడు.

ఎలా పిలవాలి

హైదరాబాద్ రైల్లో సగం పని పిలుపులోనే అయిపోతుంది. మీ ఈడు మగవాళ్లను, కొంచెం పెద్దవాళ్లను "అన్నా" అనండి. కుర్రాళ్లను "తమ్ముడూ" అనండి. "ఏం బాబూ", "ఏయ్ బాబూ" అని మొదలుపెడితే తర్వాత ఎంత మర్యాదగా మాట్లాడినా ఆ మొదటి మాటే చెవిలో ఉండిపోతుంది. ఆడవాళ్లను "అక్కా", "మేడమ్", పెద్దవాళ్లయితే "అమ్మా" అనండి. "ఆంటీ" మాత్రం వద్దు. నలభై ఏళ్ల ఆవిడకు అది వినగానే చిరాకు రావచ్చు, మీరు అడిగిన విషయం పక్కకు పోతుంది. పెద్ద వయసువాళ్లను "పెద్దాయనా" అనొచ్చు. ఆఫీసు మనిషిలా కనిపిస్తే "సార్" ఎప్పుడూ పనిచేస్తుంది. అన్నా అని పిలిచినా క్రియలో "మీరు" తప్పకూడదు. "తగ్గించు" అన్నా "తగ్గిస్తారా" అన్నా కోరిక ఒకటే, కానీ మొదటిది కొత్త మనిషి నోట ఆజ్ఞలా వినిపిస్తుంది. చిటికె వేయడం, "హలో హలో" అనడం అసలొద్దు.

భాష కూడా చూసుకోండి. బోగీలో తెలుగు, ఉర్దూ, హిందీ కలిసే ఉంటాయి. ఆ మనిషి ఫోన్‌లో ఏ భాష మాట్లాడుతున్నాడో, ఏ భాష వీడియో చూస్తున్నాడో ఒక్క క్షణం విని ఆ భాషలో అడగండి. "భాయ్, జరా ఆవాజ్ కమ్ కర్లో", "భయ్యా, బ్యాగ్ జరా ఆగే లేలో" అనే రెండు ముక్కలు వస్తే ఈ ఊళ్లో చాలాచోట్ల గట్టెక్కుతారు. తెలుగు మాట్లాడుతున్న మనిషికి ఇంగ్లీషులో చెప్పడం మాత్రం మంచిది కాదు. అది అడిగినట్టు కాక పైనుంచి పాఠం చెప్పినట్టు ఉంటుంది.

ఒంటిని ముట్టుకోకూడదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉండి వినకపోతే కళ్లకు ఎదురుగా చెయ్యి చిన్నగా ఊపండి, లేదా బ్యాగు పట్టీని మెల్లగా తట్టండి. అవతల ఉన్నది ఆడవాళ్లయితే బ్యాగునైనా తట్టకుండా మాటతోనే పిలవండి.

ఫోన్ శబ్దం

స్పీకర్ పెట్టి వీడియోలు చూడడం, గట్టిగా ఫోన్ మాట్లాడడం వేర్వేరు ఇబ్బందులు. కాల్ మధ్యలో ఆపమంటే అవతలి లైన్లో ఉన్న మనిషి ముందు పరువు పోతుంది కాబట్టి ఎవరైనా బిగుసుకుంటారు. పైగా చాలా కాల్స్ రెండు మూడు స్టేషన్లలో ముగుస్తాయి. ముగిశాక రెండో కాల్ మొదలయ్యేలోపు "అన్నా, కొంచెం మెల్లగా మాట్లాడతారా, ఇక్కడిదాకా వినిపిస్తోంది" అనండి. తన ఇంటి విషయాలు నలుగురికీ వినిపిస్తున్నాయని తెలిస్తే ఆ మనిషే జాగ్రత్త పడతాడు.

వీడియోలు అలా ఆగవు, ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. అందుకే మొదటి నిమిషంలోనే అడగాలి. "ఆపండి" కాకుండా "తగ్గించండి" అని అడగడం మేలు. తగ్గించమంటే చాలామంది పూర్తిగానే కట్టేస్తారు. "ఇయర్‌ఫోన్స్ లేవా?" అన్న ప్రశ్నలో మాత్రం చిన్న పోటు ఉంది, అది వద్దు. పెద్దవాళ్లు ఫుల్ వాల్యూమ్ పెట్టారంటే చాలావరకు వినికిడి తగ్గడం వల్లో, బటన్ ఎక్కడుందో తెలియకో అయివుంటుంది. "పెద్దాయనా, సౌండ్ తగ్గించి ఇవ్వనా?" అని చెయ్యి చాపితే ఫోన్ మీ చేతికే ఇస్తారు. పిల్లాడి చేతిలో ఫోన్ ఉంటే పిల్లాడితో కాదు, అమ్మతోనో నాన్నతోనో మాట్లాడండి. బోగీలో బయటివాళ్లు తమ పిల్లాడిని అదిలిస్తే ఏ తల్లీ ఊరుకోదు.

రైలు స్టేషన్ వదిలిన వెంటనే అడగండి. మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ వెళ్లే మెట్రో రెడ్ లైన్లో 29 కిలోమీటర్లకు 27 స్టేషన్లున్నాయి, అంటే సుమారు కిలోమీటరుకొక స్టేషన్. తలుపులు మూసుకున్నాక తర్వాతి ప్రకటన వచ్చేలోపు ఒకటి రెండు నిమిషాల ప్రశాంతత దొరుకుతుంది. ప్రకటన మీదుగా మాట్లాడాల్సి వస్తే గొంతు పెంచాలి. గొంతు పెంచితే మామూలు మాట కూడా కోపంలా వినిపిస్తుంది.

గుంపుగా గోల చేస్తుంటే నాయకుడిలా ఉన్నవాడిని ఎంచుకోకండి. స్నేహితుల ముందు తగ్గడం అతనికి కష్టం. గుంపు అంచున నిలబడి, ఇప్పటికే మీవైపు ఒకసారి ఇబ్బందిగా చూసినవాడు ఒకడుంటాడు. అతనితో మెల్లగా చెప్పండి. మిగతావాళ్లకు అతనే చెప్తాడు.

బ్యాగులు, కడ్డీలు, తలుపులు

ఉదయం నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్లే బ్లూ లైన్ రైల్లో, ముఖ్యంగా అమీర్‌పేట దాటాక, వీపున ఉన్న ల్యాప్‌టాప్ బ్యాగే పెద్ద తగాదా. బ్యాగు వెనక్కి జానెడు మందం పొడుచుకొస్తుంది, ఇంకో మనిషి నిలబడే చోటు తినేస్తుంది. తగిలించుకున్న మనిషికి ఆ స్పర్శ తెలియదు. అతను అటూ ఇటూ తిరిగినప్పుడల్లా అది వెనకవాళ్ల మొహానికో, కూర్చున్నవాళ్ల తలకో తగులుతుంది. అందుకే ఈ విషయంలో ఎదుటివాళ్లది నిర్లక్ష్యమని ముందే అనుకోకండి, ఎక్కువసార్లు వాళ్లకు తెలియదు అంతే. "అన్నా, బ్యాగు ముందుకు వేసుకుంటారా, వెనక తగులుతోంది" అంటే వెంటనే తిప్పేస్తారు. బాగా రద్దీగా ఉండి చేతులే ఆడకపోతే కింద పెట్టమనండి, రెండు పాదాల మధ్య, పట్టీ చేతిలోనో మోకాలి దగ్గరో ఉండేలా. తలుపు దగ్గర కింద పెడితే మాత్రం దిగేవాళ్ల కాళ్లకు తట్టుకుంటుంది. స్టేషన్లో కొత్తగా జనం ఎక్కుతున్న క్షణంలో అడగడం సులువు, కారణం కళ్లముందే ఉంటుంది.

మధ్య కడ్డీకి వీపు మొత్తం ఆనించి నిలబడేవాళ్లతో "అన్నా, కడ్డీ పట్టుకోవాలి, జర జరుగుతారా" అంటూ చెయ్యి కడ్డీ వైపు చాపండి. చెయ్యి వస్తుంటే వీపు దానంతటదే ముందుకు జరుగుతుంది.

తలుపు దగ్గర పాతుకుపోయినవాళ్లకు ఒకటే మాట: "దిగుతున్నారా?" ఇది నింద కాదు, ప్రశ్న. దిగేవాళ్లయితే అవునంటారు, మీరు వాళ్ల వెనకే దిగొచ్చు. కాకపోతే వాళ్లే పక్కకు తప్పుకుంటారు. ఈ ప్రశ్న తలుపు తెరుచుకున్నాక కాదు, ఒక స్టేషన్ ముందే అడగాలి. అమీర్‌పేటలో లైన్ మారాలనుకుంటే మియాపూర్ వైపు నుంచి వచ్చేవాళ్లు ఎస్సార్ నగర్ వదలగానే, నాగోల్ వైపు నుంచి వచ్చేవాళ్లు బేగంపేట వదలగానే కదలడం మొదలుపెట్టండి. అమీర్‌పేటలో దిగే గుంపు, ఎక్కే గుంపు ఎదురెదురుగా తలపడతాయి. అక్కడ తలుపు తెరిచాక "జరగండి జరగండి" అని తోసుకుంటే వినే తీరిక ఎవరికీ ఉండదు.

దిగేవాళ్లను దిగనివ్వకుండా ఎదురెక్కేవాళ్లతో వాదన పెట్టుకోకండి. ఆ కొద్ది సెకన్లలో ఎవరికీ ఏమీ నేర్పలేం. తలుపు మధ్యలో కాకుండా ఒక అంచు పట్టుకుని, భుజం ముందు పెట్టి, "దిగాలి" అంటూ బయటికి రండి.

రోజూ వెళ్లేవాళ్లకు ఇంకో ఉపాయం. ఒక్కో రైలుకు 3 బోగీలు. మెట్లు, ఎస్కలేటర్ ఎక్కి ప్లాట్‌ఫాం మీదికి వచ్చినచోటే అందరూ ఆగిపోతారు కాబట్టి అక్కడ ఆగే తలుపులే ఎక్కువ కిక్కిరిసి ఉంటాయి. ప్లాట్‌ఫాం వెంట ఇంకొంచెం ముందుకు నడిస్తే చాలా గొడవలు మొదలవ్వకముందే తప్పిపోతాయి. లోపలికి ఎక్కాక తలుపు దగ్గర కాకుండా సీట్ల వరుసల మధ్య నిలబడండి, తోపులాట తక్కువ.

సీటు

వృద్ధులకు, దివ్యాంగులకు కేటాయించిన సీట్లో ఆరోగ్యంగా కనిపించే మనిషి కూర్చుని ఉంటే వెంటనే నిలదీయకండి. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు, తొలి నెలల గర్భిణులు పైకి మామూలుగానే కనిపిస్తారు. అలాగని ఊరుకోనక్కర్లేదు, అడగొచ్చు. బోగీ మొత్తానికి వినిపించేలా "ఎవరైనా సీటివ్వండి" అంటే ఎవరూ లేవరు, ప్రతివాళ్లూ పక్కవాళ్లు లేస్తారనుకుంటారు. ఒక్కరిని చూసి అడగండి: "తమ్ముడూ, ఈ అమ్మ నిలబడలేకపోతోంది, కొంచెం కూర్చోనిస్తారా?" అతను కుదరదంటే కారణం అడగకుండా పక్క మనిషిని అడగండి. రెండో మనిషి దాదాపు ఎప్పుడూ లేస్తారు, ఎందుకంటే ఆ ప్రశ్న తన దాకా వస్తుందని ముందే సిద్ధపడి ఉంటారు.

కాళ్లు వెడల్పుగా చాపి కూర్చునేవాళ్లకు "కొంచెం సర్దుకుంటారా" చాలు. మెట్రోలో తినడం, తాగడం నిషిద్ధం. అయినా పక్కన ఎవరో చిప్స్ ప్యాకెట్ తెరిస్తే దాని కోసం మాట పారేసుకోవడం దండగ. రైల్లో ఉమ్మితే, సిగరెట్ వెలిగిస్తే మాత్రం మీరు చెప్పకండి, సిబ్బందికి చెప్పండి.

ఎంఎంటీఎస్‌లో తేడా

2003 ఆగస్టులో మొదలైన ఎంఎంటీఎస్‌లో పరిస్థితి వేరు. మెట్రోలో నచ్చకపోతే దిగి కొన్ని నిమిషాల్లో వచ్చే తర్వాతి రైలెక్కొచ్చు. ఇక్కడ ఒక రైలు వదులుకుంటే ఆఫీసుకు ఆలస్యమే. కాబట్టి లింగంపల్లిలోనో ఫలక్‌నుమాలోనో మొదలైన తగాదాతోనే చివరిదాకా కలిసి ప్రయాణించాలి. మాట ఇంకా జాగ్రత్తగా వాడాలి.

ఇక్కడి ప్రత్యేక సమస్య కర్చీఫ్ వేసి సీటు పట్టడం. ఇవి రిజర్వేషన్ లేని సీట్లు, కర్చీఫ్‌కు ఏ హక్కూ లేదు. అయినా దాన్ని తీసి పక్కన పడేస్తే గొడవ ఖాయం. "ఎవరైనా వస్తున్నారా?" అని అడిగి రైలు కదిలేదాకా ఆగండి. కదిలాక కూడా ఎవరూ రాకపోతే కర్చీఫ్‌ను మర్యాదగా పక్కవాళ్లకు అందించి కూర్చోండి. "తర్వాతి స్టేషన్లో ఎక్కుతారు" అంటే "వచ్చినప్పుడు లేస్తా" అనండి. నిజంగా వచ్చి అడిగితే లేవండి. అప్పుడు లేవకపోతే రోజూ అదే బోగీలో ఎక్కేవాళ్ల దగ్గర మీ మాటకు విలువుండదు.

ఒకటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఎంఎంటీఎస్ తలుపులు తెరిచే ఉంటాయి. ఫుట్‌బోర్డు దగ్గర నిలబడ్డ మనిషితో ఎంత న్యాయమైన విషయానికైనా వాదన పెట్టుకోవద్దు. చిన్న తోపు చాలు, మనిషి పట్టాల మీద ఉంటాడు. అడ్డంగా ఉంటే "లోపలికి రండన్నా, చోటుంది" అని పిలవండి. వినకపోతే వదిలేసి ఇంకో తలుపు నుంచి దిగండి.

ఒప్పుకోకపోతే

"పబ్లిక్ ట్రైన్ కదా, నా ఇష్టం" అని జవాబొస్తే అదే కోరికను అదే గొంతుతో ఇంకొక్కసారి చెప్పండి: "అవునన్నా, అందుకే అడుగుతున్నా, కొంచెం తగ్గించండి." మూడోసారి వద్దు. మూడోసారి చెప్పేసరికి చుట్టూ ఉన్నవాళ్లు చూడడం మొదలుపెడతారు, ఆ మనిషి ఇక తగ్గలేడు. మెట్రో బోగీల మధ్య తలుపుల్లేవు, నడిచి పక్క బోగీలోకి వెళ్లిపోవచ్చు. వెళ్లేటప్పుడు గొణగకండి, పక్కవాళ్లతో "చూశారా, ఎలా ఉన్నారో జనం" అనకండి. ఆ మాట అతనికి వినిపించాలనే అంటారు, వినిపిస్తుంది కూడా. అయిపోయిన గొడవ అక్కడే మళ్లీ మొదలవుతుంది.

ఫోన్ తీసి వీడియో తీయడం ఇంకా ప్రమాదం. చిన్న ఇబ్బందికి కెమెరా ఎత్తితే చెయ్యి చేసుకునేదాకా పోతుంది. ముక్కూమొహం తెలియని మనిషి మొహాన్ని సోషల్ మీడియాలో పెట్టడం న్యాయం కూడా కాదు. కొట్లాట, వేధింపు లాంటి నేరం జరుగుతుంటే అది వేరే విషయం. అప్పుడు తీసింది పోలీసులకే ఇవ్వండి.

సిబ్బందిని పిలవాల్సినవి

తాగి మీదపడడం, బూతులు, కొట్లాట, పొగ, ఎవరైనా స్పృహ తప్పడం. వీటికి మర్యాదగా అడగడం పద్ధతి కాదు, సిబ్బందిని పిలవాలి. 2002 నాటి మెట్రో రైల్వే చట్టం 59వ సెక్షన్ ప్రకారం మెట్రోలో తాగి ఉండడం, అసభ్యంగా ప్రవర్తించడం, బూతులు తిట్టడం నేరం. అలాంటి మనిషిని రైల్లోంచి దించేయొచ్చు. ఎంఎంటీఎస్‌కు 1989 రైల్వే చట్టం 145వ సెక్షన్ అదే చెబుతుంది. మగవాళ్లు ఆడవాళ్ల బోగీలో ఎక్కితే అదే చట్టంలో 162వ సెక్షన్ ఉంది.

మెట్రోలో తలుపుల పక్కన ఎమర్జెన్సీ ఇంటర్‌కామ్ ఉంటుంది. బటన్ నొక్కి, రైలు నడిపేవాళ్లు పలికేదాకా ఆగి, ముందు ఎక్కడో చెప్పండి, తర్వాత ఏమిటో చెప్పండి: "మధ్య బోగీ, ఎల్‌బీ నగర్ వైపు వెళ్తున్నాం, తర్వాతి స్టేషన్ మలక్‌పేట, ఒకతను తాగి జనం మీద పడుతున్నాడు." చాలామంది కథ మొదటినుంచి చెప్పడం మొదలుపెడతారు, ఈలోపు స్టేషన్ దాటిపోతుంది. ఫోన్ శబ్దాలకు, సీటు తగాదాలకు ఆ బటన్ ముట్టుకోవద్దు. ఎంఎంటీఎస్‌లో అనవసరంగా చైన్ లాగడం కూడా నేరమే.

ఎంఎంటీఎస్‌లో రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయండి. పాత 182 భద్రతా నంబరు 2021 ఏప్రిల్ నుంచి ఇందులోనే కలిసింది. అయిదంకెల రైలు నంబరు, ఇప్పుడే దాటిన స్టేషన్, బోగీ ముందు నుంచి ఎన్నోది అన్నవి దగ్గర పెట్టుకోండి. రైల్వే ఫిర్యాదుల యాప్ రైల్ మదద్‌లో ఫిర్యాదు చేయాలంటే టికెట్ మీది నంబరు అడుగుతుంది కాబట్టి దిగగానే టికెట్ పారేయకండి.

చెయ్యి వేయడం, ఒంటికి రాసుకోవడం, వెంటపడడం, దొంగచాటుగా ఫొటో తీయడం అయితే పైన చెప్పిన మర్యాదలేవీ వర్తించవు. "అన్నా" అనక్కర్లేదు, చిన్న గొంతూ అక్కర్లేదు. అందరికీ వినిపించేలా, మనిషిని గుర్తుపట్టేలా అనండి: "ఎర్ర చొక్కా, చెయ్యి తియ్!" వెంటనే చుట్టూ ఉన్నవాళ్లలో ఒకరిని వేలు చూపి పిలవండి: "నీలం షర్ట్ అన్నా, ఆ బటన్ నొక్కండి." అందరినీ కలిపి సాయమడిగితే ఎవరూ కదలకపోవచ్చు. ఒకరిని పిలిస్తే కదులుతారు. చూస్తున్నవాళ్లు ఆమెకూ అతనికీ మధ్య వచ్చి నిలబడితే చాలు, కొట్టాల్సిన పని లేదు. కొడితే కేసు మీ మీదికి తిరగొచ్చు.

2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో చెయ్యి వేయడం, ఒంటికి రాసుకోవడం లాంటివాటికి 74, 75 సెక్షన్లున్నాయి, వెంటపడితే 78. అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయొచ్చు. మహిళల భద్రత కోసం 2014 నుంచి పనిచేస్తున్న పోలీసు బృందాలు షీ టీమ్స్‌కు వాట్సాప్‌లోనూ ఫిర్యాదు పంపొచ్చు. ఎంఎంటీఎస్‌లో జరిగితే సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడల్లో రైల్వే పోలీస్ స్టేషన్లున్నాయి. ఏ పోలీస్ స్టేషన్‌కు వెళ్లినా "మా పరిధి కాదు" అని తిప్పి పంపకూడదు, జీరో ఎఫ్ఐఆర్ రాసుకుని సరైన స్టేషన్‌కు వాళ్లే పంపాలి. వెళ్లేముందు సమయం, ఎక్కిన స్టేషన్, దిగిన స్టేషన్, అతని బట్టల రంగు, ఏ తలుపు నుంచి ఏ స్టేషన్లో దిగాడన్నది ఫోన్‌లో రాసిపెట్టుకోండి. మెట్రో స్టేషన్లలో సీసీ కెమెరాలున్నాయి, కానీ అందులో వెతకాలంటే పోలీసులకు ముందు కావాల్సింది ఆ సమయం, ఆ స్టేషన్ పేరు.